అమ్మానాన్నలకు కుర్చీలు కొనకండి

“లాంజ్ బుక్ చేశానండీ డాక్టరు గారూ. దోహాలో ఎనిమిది గంటలూ హాయిగా కూర్చుంటారు. ఇక నాకు బెంగ లేదు.”

డాలస్ నుండి ఫోన్ చేసిన ఆ అబ్బాయి కంఠంలో నిజమైన నిశ్చింత వినిపించింది. అతని తండ్రి నాకు చాలాకాలంగా తెలిసినవారు. దివిసీమలో రైతు. డెబ్బైకి దగ్గరపడినా తెల్లవారకముందే పొలం గట్ల మీద నడిచి, నీరు చూసుకొని, ఎండ ముదరకముందే ఇంటికి చేరే మనిషి. ఆనాడు కుమారుని నిశ్చింతను చెరపడం ఇష్టంలేక “మంచిది నాయనా” అన్నాను. అనకుండా ఉండవలసింది. ఆ తప్పులో నాకూ భాగమున్నది కనుక ఈ వ్యాసం కొంత కటువుగా సాగుతుంది. పాఠకులు మన్నించాలి.

ఒక్కసారి గంటలు లెక్కవేయండి. దివిసీమ నుండి అమెరికాకు పోయే పెద్దలలో చాలామంది శంషాబాదు చేరి విమానమెక్కుతారు. గన్నవరం నుండి అమెరికాకు నేరుగా విమానం లేదు. కారులో సుమారు 7 గంటలు. శంషాబాదులో నిరీక్షణ 4 గంటలు. దోహాకు నాలుగున్నర. అక్కడ 8. దోహా నుండి డాలస్‌కు సుమారు 16. మొత్తం దాదాపు 40 గంటలు. ఇందులో కారులోనూ విమానాలలోనూ గడిచే ఇరవై ఏడున్నర గంటలు మనిషి మోకాళ్లు ముడుచుకొని కూర్చోక తప్పదు. కాళ్లకు స్వేచ్ఛ ఉండేది విమానాశ్రయాలలో గడిపే ఆ 12 గంటలే. మనం చేస్తున్న ఘనకార్యమేమిటంటే, నడవగలిగిన ఆ 12 గంటలకు కూడా డబ్బు చెల్లించి మరొక కుర్చీ కొనిపెట్టడం.

కుర్చీ మనిషిని చంపగలదా అని నవ్వేవారికి ఒక పాత సంగతి చెబుతాను. 1940లో లండన్‌పై బాంబులు కురుస్తున్న రోజులలో ప్రజలు రాత్రులు ఆశ్రయస్థలాలలో గుడ్డ కుర్చీలపై కూర్చొని గడిపేవారు. బాంబు తగలని వారిలోనూ కొందరు ఉన్నట్టుండి మరణించసాగారు. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్ అనే వైద్యుడు వారి ఊపిరితిత్తుల రక్తనాళాలలో గడ్డలను గుర్తించి, ఆ సంగతిని అదే సంవత్సరం ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించాడు. కుర్చీ ముందరి కర్ర తొడల అడుగు భాగాన్ని నొక్కడం వలన, కాళ్లు గంటల తరబడి కదలకపోవడం వలన లోతు సిరలలో రక్తం నిలిచి గడ్డకట్టింది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరింది. దీనికి విరుగుడుగా సూచించినది మెత్తటి కుర్చీ కాదు, వెల్లకిలా పడుకునే పడక.

మన పిక్క కండరాలను రెండవ గుండె అనవచ్చు. అడుగు వేసిన ప్రతిసారీ అవి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. అడుగు ఆగితే ఆ తోడు పంపు ఆగినట్లే. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన పరిశోధన ప్రకారం 4 గంటలకు మించిన ప్రయాణంలో ఈ గడ్డల ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. విమానమే కాదు, కారు, బస్సు, రైలు ఏదైనా సరే. ఆరోగ్యవంతులలో ఇది దాదాపు 6000 మందిలో ఒకరికి వస్తుంది. “ఒకరికే కదా” అనవచ్చు. ఆ లెక్క ఆరోగ్యవంతులది. మన పెద్దలలో మోకీలు మార్పిడి చేయించుకున్నవారు, స్థూలకాయులు, క్యాన్సరుకు చికిత్స పొందినవారు, ఉబ్బిన సిరలతో ఏళ్లు గడిపినవారు ఎందరో. పైగా కొద్ది వ్యవధిలో ఒకటికి మించి విమానాలెక్కితే ప్రమాదం ఇంకా పెరుగుతుందని అదే పరిశోధన చెప్పింది. మధ్యలో ఆగి మరో విమానమెక్కేవారి పరిస్థితి సరిగ్గా అదే.

లాంజ్‌లోని సోఫా లండన్ గుడ్డ కుర్చీకన్నా మేలైనదే, కాదనను. కాళ్లు చాపుకోవచ్చు. కానీ అది మనిషిని లేవనివ్వదు. లేస్తే ఆ చోటు మరొకరు ఆక్రమిస్తారని భయం. సామాను పక్కనే ఉండాలని భయం. పూర్వం గుడివాడ జంక్షన్‌లో బందరు బండి కోసం ఎదురుచూసే పెద్దలు చేతులు వెనక్కు కట్టుకొని ప్లాట్‌ఫారం ఈ చివరనుండి ఆ చివరకు పచార్లు చేసేవారు. అది కాలక్షేపమనుకున్నాం. నిజానికి అంతకన్నా మంచి వైద్యం లేదు.

ఇక భోజనం సంగతి. కృష్ణా డెల్టాలో మధుమేహం లేని ఇల్లు వెతకవలసిన రోజులివి. శంషాబాదులో లాంజ్ భోజనం, విమానంలో ఒక భోజనం, దోహాలో మళ్లీ బఫే, తరువాతి విమానంలో రెండు భోజనాలు. డబ్బు కట్టాం కదా అని తినడమే తప్ప ఆకలితో తిన్నది ఒక్కటీ ఉండదు. పడమరకు పోయేకొద్దీ రోజు సాగుతుంది. డాలస్ చేరేసరికి ఆ ఒక్క రోజు సుమారు 35 గంటలవుతుంది. ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి తీసుకునే ఇన్సులిన్‌ను ఎప్పుడు, ఎంత తీసుకోవాలో ఆ పెద్దాయనకు ఎవరు చెప్పారు? లాంజ్ బుక్ చేసిన కుమారుడు చెప్పలేదు. టికెట్ అమ్మిన ఏజెంటు చెప్పలేదు. సిగ్గుపడి ఒప్పుకుంటున్నాను, మా వైద్యులలోనూ చాలామందిమి అడిగితే తప్ప చెప్పము.

ఒకసారి ఒక లాంజ్‌లో (ఊరు, పేరు అనవసరం) మన ప్రాంతపు యాసలో మాట్లాడుకుంటున్న దంపతులను చూశాను. ఆయన అలవాటు ప్రకారం ముందు ఇన్సులిన్ సూది వేసుకొని, ఆ తరువాత దోసెల వరుసలో నిలబడ్డారు. వరుస కదలలేదు. కొంతసేపటికి ఆయన చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడింది. ఆమె “నిద్రలేమి” అంటున్నది. నేను అడిగి తెప్పించిన తియ్యని పండ్లరసం రెండు గ్లాసులు తాగాక మనిషి తేరుకున్నారు. పళ్లెం ఎదుటికి వచ్చేవరకు సూది ముట్టరాదని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. అదే లాంజ్‌లో పదడుగుల దూరంలో ఉచితమని మూడవ గ్లాసు విస్కీ పోయించుకుంటున్న మరొక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన జేబులో నిద్రమాత్ర కూడా ఉండవచ్చు. మద్యమూ నిద్రమాత్రా కలిస్తే పదహారు గంటలు మనిషి రాయిలా పడి ఉంటాడు. విమానంలోని గాలిలో తేమ 20 శాతానికి లోపే ఉంటుంది. ఇక రక్తం గడ్డకట్టడానికి వేరే ముహూర్తం కావాలా?

చక్రాల కుర్చీ మాట కూడా చెప్పక తప్పదు. నడవలేనివారికి అది హక్కు; దానిని ఆక్షేపించేవాడు మనిషే కాడు. కానీ రోజూ మూడు మైళ్లు నడిచే మనిషికి దానిని ఎందుకు అడుగుతున్నాం? మోకాళ్ల కోసం కాదు, ఇంగ్లీషు కోసం. గేటు ఎక్కడో తెలియక తప్పిపోతారని. అంటే చక్రాల కుర్చీని దుబాసీగా వాడుకుంటున్నాం. విమానం దిగగానే కుర్చీ, అక్కడనుండి లాంజ్ కుర్చీ, అక్కడనుండి మళ్లీ కుర్చీ, మళ్లీ విమానం. నేలమీద పాదం పెట్టనివ్వని ఈ మర్యాదను పూర్వం పల్లకీలో చూసేవాళ్లం. చక్రాల కుర్చీ లేకుండానే ఒక మనిషి తోడుండి దారి చూపే సేవ చాలా విమాన సంస్థలలో ఉన్నది. టికెట్ కొనేటప్పుడే అడగవచ్చు. విమాన సంఖ్య, చేరవలసిన ఊరు, పిల్లల ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాసిన ఒక అట్టముక్క చాలామందికి అదికూడా అవసరం లేకుండా చేస్తుంది.

“అయితే మీరు లాంజ్‌లకే వ్యతిరేకమా?” అని నాతో వాదించేవారున్నారు. గుండె బలహీనమైనవారికి, తరచు మూత్రానికి పోవలసినవారికి, నిశ్శబ్దంగా ఒక గంట నడుము వాల్చవలసినవారికి అది మేలే. నేను వ్యతిరేకించేది మరొక దానిని. శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీరు, కాళ్లు చాపుకునే చోటు అనే మూడు వైద్య అవసరాలను గాజు తలుపు వెనుక పెట్టి కార్డు చూపమనడాన్ని. 1939లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు తెరిచిన మొదటి లాంజ్ ప్రముఖుల ముచ్చట కోసం పుట్టినది. ఈనాడు మన దేశంలో బ్యాంకు కార్డు గీకి రెండు రూపాయలతో లోపలికి పోవచ్చు గనుక అది ప్రజల సొత్తయిందని కొందరు మురిసిపోతారు. కార్డు లేనివారి మాటో?

బందరువాసిగా నాకిక్కడ ఒక సంగతి గుర్తుకొస్తుంది. ఈ ఊళ్లో వైద్యవృత్తి చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకే 1981లో, దేశంలోని తొలి క్రెడిట్ కార్డులలో ఒకదానిని తెచ్చింది. మన ఊరి బ్యాంకు తెచ్చిన వస్తువు ఒకనాటికి మనుషులను తలుపు లోపల కొందరు, వెలుపల కొందరుగా విడదీస్తుందని ఆయన ఊహించి ఉండరు. ఇక గన్నవరం అనగానే మనకు విమానాశ్రయం గుర్తుకొస్తుంది; కానీ కోనసీమలో మరొక గన్నవరం ఉన్నది. అక్కడ డొక్కా సీతమ్మగారు గోదావరి దాటే బాటసారులకు వేళ గాని వేళలో కూడా అన్నం పెట్టారు. కార్డు అడగలేదు.

గల్ఫ్ విమానాశ్రయాలలో ఇంటిపనికి పోయే మన గోదావరి, కడప ప్రాంతాల స్త్రీలను చూసే ఉంటారు. గోడవార దుప్పటి పరచుకొని, సంచి తలకింద పెట్టుకొని పడుకుంటారు. మన పెద్దలు వారిని జాలిగా చూస్తూ లాంజ్‌లోకి పోతారు. వైద్యుని కంటితో చూస్తే నడుము వాల్చి పడుకున్న ఆమె కాళ్లలో రక్తం, సోఫాలో కునికే ఆయన కాళ్లలోకన్నా సుఖంగా పారుతున్నది. ఆమెకు కావలసినది చల్లని నేలకు బదులు ఒక బల్ల. అది అసాధ్యమేమీ కాదు. దోహా హమద్ విమానాశ్రయంలో స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా ఉచిత విశ్రాంతి గదులున్నాయి. లాంజ్ బుక్ చేసే పిల్లలలో ఈ సంగతి తెలిసినవారు ఎందరు? కోల్‌కతా విమానాశ్రయంలో 2024 డిసెంబరులో పది రూపాయలకు టీ ఇచ్చే ‘ఉడాన్ యాత్రీ కేఫ్’ తెరిచారు. అప్పటి విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు మన తెలుగువారే. పది రూపాయల టీ సాధ్యమైనప్పుడు ప్రతి విమానాశ్రయంలో నడుము వాల్చడానికి పది బల్లలు ఎందుకు సాధ్యం కావు?

మా రైతుగారి సంగతి సగంలో వదిలాను. ఆయన దోహా లాంజ్‌లో కూర్చుని తిని, కూర్చుని నిద్రపోయి, మళ్లీ కూర్చుని డాలస్ చేరారు. మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని నీళ్లు తాగలేదు. నాలుగవ రోజున ఎడమ పిక్క నొప్పి పెట్టింది. కండ పట్టిందనుకొని భార్య నూనె రాసి మర్దన చేసింది. గడ్డ ఉన్న కాలిని మర్దించరాదు. అది ఊడి పైకి పోవచ్చు. ఆ సంగతి వారికి తెలియదు. అయితే కుమారునికి ఎందుకు చెప్పలేదన్నది నన్ను నేటికీ బాధించే విషయం. “అక్కడ ఆసుపత్రి అంటే వాడికి లక్షల ఖర్చండీ, కాలు నొప్పికి కూడానా” అన్నారు ఆయన నాతో తరువాత. ఆరవ రాత్రి ఊపిరి ఆడలేదు. అంబులెన్సు సమయానికి వచ్చింది గనుక బతికారు. ఆ గడ్డ లాంజ్‌లోనే మొలకెత్తిందని నేను నిరూపించలేను. నలభై గంటలలో ఏ గంటదైనా కావచ్చు. నెలల తరబడి రక్తం పలచబడే మందులు వాడారు. ఇప్పుడు గట్టు మీద కొంత దూరం పోయి ఆగి ఆయాసం తీర్చుకుంటారు.

వచ్చే నెలలో ఆయన భార్య మనవరాలి కోసం అదే దారిన ఒంటరిగా వెళుతున్నది. ఈసారి కాగితం నేనే రాసి ఇచ్చాను. గంటకొకసారి లేచి పది నిమిషాల నడక, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించడం, దారివైపు సీటు, దాహం వేయకముందే నీళ్లు. ఆమెకు ఉబ్బిన సిరలున్నాయి గనుక కొలత తీసి, పాదాల నాడి చూసి, మోకాలి కింది వరకు బిగుతు మేజోళ్లు రాశాను; కాళ్లకు రక్తం సరిగా అందని మధుమేహ రోగులు వాటిని తమంతట తాము కొని తొడగరాదు. ఆస్పిరిన్ ఒకటి వేసుకోమని పొరుగువారు చెప్పారట. కేవలం ప్రయాణం కోసం అది వద్దన్నాను. మందులన్నీ చేతిసంచిలోనే. వెళ్లిన తరువాత కొన్ని వారాల వరకు ఒక కాలు మాత్రమే వాచినా, నొప్పి పెట్టినా, ఊపిరి తీస్తే ఛాతీ పోటు వచ్చినా ఆ క్షణమే కుమారునికి చెప్పడం. ఈ చివరి వాక్యం ఆమె చేత నా ఎదుట మూడుసార్లు చదివించాను. ప్రయాణపు బీమా కాగితం ఆమె చేతిలో ఉంచమని కుమారునికి విడిగా చెప్పాను.

లాంజ్ సంగతి అతడే అడిగాడు, ఈసారి కొంచెం జంకుతూ. కొనమన్నాను, స్నానానికీ ఒక గంట నడుము వాల్చడానికీ. తక్కిన ఏడు గంటలూ దుకాణాలు చూస్తూ నడవమని అమ్మకు చెప్పమన్నాను.