లైనక్స్ వేసుకుందాం, కానీ ముందు ఒక వారం ఆగుదాం



పోస్టు కాస్త పెద్దది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇంటికంతా ఒక్కటే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. నమోదు చేసుకున్నవాళ్లకి కొంతకాలం అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది, అంతే. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే చిప్ కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే కావాలి. మన హాస్టళ్లలో తిరిగే ల్యాప్‌టాప్‌లు ఎలాంటివో మనకి తెలుసు. అన్న డిగ్రీ అయిపోయాక తమ్ముడికిచ్చినవి, సిటీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. అందులో చాలావాటికి ఆ చిప్పూ లేదు, ఆ ప్రాసెసరూ లేదు.

అప్పటినుంచి మనవాళ్లలో రెండు మాటలు వింటున్నా. ఒకటి, "లైనక్స్ వేసెయ్ తమ్ముడూ, ఫ్రీ, పది నిమిషాల పని." రెండోది, "మనవాళ్లకి లైనక్స్ ఎందుకు? అది ఇంజనీర్లకి. అప్పో సప్పో చేసి కొత్తది కొనుక్కో." ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

ముందు రెండో మాట సంగతి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా లైనక్స్ కెర్నలే. 1991లో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ దానిమీదే నడుస్తున్నాయి. కాబట్టి "మనవల్ల కాదు" అనే మాట ఇక్కడితో వదిలేద్దాం. గూడెంలో పదో తరగతి చదివే పిల్ల కూడా లైనక్స్ మింట్ వాడగలదు. నాలుగేళ్ల పాత ఈఎంఐ తీరకముందే ఇంకో అప్పు నాన్న నెత్తిన పెట్టక్కర్లేదు.

ఇప్పుడు మొదటి మాట. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. లైనక్స్ ఎక్కించడం నిజంగానే అరగంట పని. కానీ ఎక్కించే ముందు చేయాల్సిన పనికి వారం పడుతుంది. ఆ వారం గురించి ఎవరూ చెప్పట్లేదు. సిటీలో రెండు ల్యాప్‌టాప్‌లు, ఇంట్లో వైఫై ఉన్నవాడు తొందరపడితే ఒక ఆదివారం పోతుంది. మన పిల్లాడు తొందరపడితే స్కాలర్‌షిప్ రెన్యువల్ పోతుంది. నష్టం ఒకేలా ఉండదు కదా. జాగ్రత్త కూడా ఒకేలా ఉండకూడదు.

మా బంధువుల అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్ స్లో అయిందని మండల కేంద్రంలో ఒక షాపులో ఇచ్చాడు. వాళ్లు ఒక్క మాట అడక్కుండా డిస్కు మొత్తం చెరిపేసి క్రాక్ విండోస్ వేసి ఐదొందలు తీసుకున్నారు. సర్టిఫికెట్ల స్కాన్లు మీసేవ చుట్టూ తిరిగి మళ్లీ తెచ్చుకున్నాడు. కానీ వాళ్ల నానమ్మ పాడిన పెళ్లి పాటల రికార్డింగులు కూడా అందులోనే ఉండేవి. ఆవిడ ఇప్పుడు లేదు. అవి ఏ మీసేవలోనూ దొరకవు.

ఇప్ప పువ్వు రాలే కాలానికి ముందే చెట్టు కింద ఆకులన్నీ ఊడ్చి నేల శుభ్రం చేసుకుంటాం. పువ్వు రాలడం మొదలయ్యాక ఊడుద్దామంటే చెత్తే ఎక్కువొస్తుంది. ఇదీ అంతే. మరి ఆ వారంలో ఏం చేయాలో చెప్తున్నా.

మొదటి పని, కాగితం మీద రాసుకోవడం. ల్యాప్‌టాప్‌లో మీరు రోజూ ఏం చేస్తారో నిజాయితీగా రాయండి. యూట్యూబ్ క్లాసులు, పీడీఎఫ్‌లు, టెలిగ్రామ్, అప్లికేషన్లు నింపడం, రికార్డు రాయడం, కోడింగ్ నేర్చుకోవడం, వీటన్నిటికీ లైనక్స్‌లో ఇబ్బంది లేదు. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ ఉంటుంది. మామూలు పనికి సరిపోతుంది గానీ, వేరేవాళ్లు పంపిన ఫైళ్లు కొన్ని కాస్త అటూ ఇటూ జరిగి కనిపిస్తాయి. టాలీ, ఆటోక్యాడ్, ఫొటోషాప్, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు మాత్రం విండోస్‌ని తీసేయొద్దు. ఇంటి నుంచి కెమెరా ముందు రాసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు లైనక్స్ మీద నడవవు. ఇలాంటి పని ఒక్కటున్నా రెండూ పక్కపక్కనే పెట్టుకోండి. దాన్నే డ్యూయల్ బూట్ అంటారు.

రెండో పని, కాపీ తీసుకోవడం. ఈ వారంలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కుల ధ్రువీకరణ, ఆదాయం, టీసీ, మెమోలు, బ్యాంకు పాస్‌బుక్, ఇంట్లో అటవీ హక్కు పత్రం ఉంటే దాని ఫొటో, పెద్దవాళ్ల ఫొటోలు, పాటలు, మాటలు. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ముఖ్యమైనవి ఇంకోచోట కూడా, గూగుల్ డ్రైవ్‌లోనో ఫ్రెండ్ కంప్యూటర్‌లోనో ఉంచండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మర్చిపోకండి, మనవాళ్ల జీవితమంతా అక్కడే పడి ఉంటుంది. కాపీ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవని కాపీని కాపీ అనుకోవద్దు.

మూడో పని, ల్యాప్‌టాప్ గురించి తెలుసుకోవడం. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ 64 బిట్టా కాదా, డిస్కులో ఖాళీ ఎంత ఉంది. లైనక్స్ మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ అంటారు గానీ, బ్రౌజర్ తెరిచాక 2 జీబీతో ఏడుపే. 4 జీబీ ఉంటే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం హాయిగా నడుస్తుంది. డిస్కు కనీసం 20 జీబీ కావాలి, 50 వదిలితే మంచిది. మొదటిసారి వేసుకునేవాళ్లకి నేను మింటే చెప్తా. విండోస్‌కి అలవాటుపడ్డ కళ్లకి కొత్తగా అనిపించదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు కూడా ఉన్నాయి. డబ్బులు కొంచెం ఉంటే, కొత్త ల్యాప్‌టాప్ బదులు పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. అప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

నాలుగో పని, విండోస్‌లో ఉండగానే చూసుకోవాల్సినవి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్‌లో ఏదైనా మార్చాక విండోస్ ఆ కీ అడిగితే, అది లేకుండా మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. రెండూ పక్కపక్కనే పెట్టుకునేవాళ్లు లైనక్స్‌కి కావాల్సిన జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే ముందుగా ఖాళీ చేసి పెట్టుకుంటే నయం. వీలైతే విండోస్ మళ్లీ వేసుకునే పెన్‌డ్రైవ్ కూడా ఒకటి తయారు చేసి పక్కన పెట్టండి. తిరిగి వచ్చే దారి తెలిశాకే అడవిలోకి వెళ్తాం కదా.

ఐదో పని, పెన్‌డ్రైవ్ తయారు చేయడం. మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో, గుట్టెక్కితేనే వచ్చే సిగ్నల్‌తో అది ఒక్క రోజులో దిగదు. కాలేజీ వైఫైలో దించుకోండి, లేదా ఎవరో ఒకరు దించి మిగతావాళ్లకి ఇవ్వండి. ఇలా పంచుకోవడం దొంగతనం కాదు. క్రాక్ విండోస్ పంచుకోవడం వేరు, ఇది వేరు. దీన్ని కాపీ చేసి పదిమందికి ఇవ్వడానికి దాని లైసెన్సే అనుమతిస్తుంది. ఒక హాస్టల్‌కి ఒక్క డౌన్‌లోడ్ చాలు.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఫైలుని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే పనిచేయదు, రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. అది రాసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. అందుకే మీ సర్టిఫికెట్లు కాపీ చేసిన పెన్‌డ్రైవ్ వేరు, ఇది వేరు. రెండిటిమీదా పెన్నుతో రాసి అతికించండి.

ఆరో పని, ఎక్కించకుండానే నడిపి చూడటం. ఇది చాలామందికి తెలియదు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్12 గానీ, హెచ్‌పీ అయితే ఎఫ్9 గానీ, ఆసుస్ అయితే ఎస్కేప్ గానీ నొక్కితే ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో అడుగుతుంది. మోడల్‌ని బట్టి మారొచ్చు, మీ మోడల్‌కి ఏ బటనో ముందే ఫోన్‌లో వెతికి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే లైనక్స్ దాన్నుంచే నడుస్తుంది, మీరు ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు మీ డిస్కుని ముట్టుకోదు. దీన్నే లైవ్ అంటారు. రెండు మూడు రోజులు అలాగే వాడండి. కాస్త నిదానంగా నడుస్తుంది, పెన్‌డ్రైవ్ కదా. వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించడం, పెంచడం, అన్నీ చూడండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల వైఫై చిప్‌లకి డ్రైవర్ విడిగా వేయాలి. అప్పుడు కంగారుపడకుండా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దాదాపు ఎప్పుడూ నెట్ వచ్చేస్తుంది. పని కుదరకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ మీకుంటుంది.

చివరిగా రోజు, మనిషి. పరీక్షల వారంలో, నోటిఫికేషన్ ఆఖరి తేదీ ముందు ముట్టుకోవద్దు. కరెంటు సంగతి కూడా చూడండి. మన పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ చాలావరకు చచ్చిపోయి ఉంటుంది. డిస్కులో జాగా సర్దుతున్నప్పుడు కరెంటు పోతే ఉన్న డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. గాలివాన రోజున మొదలుపెట్టకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎరేజ్ డిస్క్" అన్న చోట చేయి ఆపి రెండుసార్లు చదవండి. అది నొక్కితే విండోస్, మీ ఫైళ్లు మొత్తం పోతాయి. పక్కన తెలిసినవాళ్లు ఒకరుండాలి, లేదా ఫోన్ ఎత్తేవాళ్లు ఒకరుండాలి.

ఇదంతా చదివాక "ఇంత తలనొప్పి ఎందుకన్నా" అంటారేమో. డబ్బు మిగలడం ఒక కారణం. నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆదిలాబాద్ వైపు గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసరాం గోండి 2017లో వచ్చింది. సవర భాష కోసం మంగెయి గొమాంగో 1936లో తయారు చేసిన లిపి 2012లోనే వచ్చింది. ఈ మూడిటికీ నోటో ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. కానీ లిపి కంప్యూటర్‌లోకి వచ్చినంత మాత్రాన మన పిల్లలు దానిలో టైప్ చేయలేరు, కీబోర్డు కావాలి. లైనక్స్‌లో కీబోర్డు అమరిక అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. మనమే తెరిచి, ఏ అక్షరం ఏ బటన్ మీద ఉండాలో మార్చుకుని, పక్క ఊరివాళ్లకి ఇవ్వొచ్చు. ఏ కంపెనీ మనల్ని లెక్కలోకి తీసుకోవాలో అని ఎదురుచూడక్కర్లేదు. అది చేసే పిల్ల ఇప్పుడు ఏదో గురుకులంలో చదువుతూ ఉంటుంది. ఆ పిల్లకి మొదటి ఇన్‌స్టాల్‌లోనే ఫైళ్లన్నీ పోతే, లైనక్స్ అన్న పేరే మళ్లీ ఎత్తదు. నా భయం అది.

అందుకే సీనియర్లకి నా మాట. జూనియర్‌కి లింక్ పంపి "వేసేస్కో" అని వదిలేయకండి. ఈ ఎండాకాలం సెలవుల్లో ఉట్నూరులోనో, ఏటూరునాగారంలోనో, భద్రాచలంలోనో, పాడేరులోనో, సీతంపేటలోనో ఎక్కడికక్కడ నలుగురు కూర్చోండి. మొదటి ఆదివారం కాపీలు తీయడం, లైవ్‌లో నడిపి చూడటం మాత్రమే. అంతా బాగుందనుకున్నవాళ్లకే రెండో ఆదివారం ఎక్కించండి. కుదరదనిపించినవాళ్లని విండోస్‌తోనే ఉండనివ్వండి, వాళ్లని వెక్కిరించొద్దు.

మీ ల్యాప్‌టాప్ మోడల్, ర్యామ్, రోజూ చేసే పనులు కింద రాయండి. దానికి ఏది సరిపోతుందో తెలిసినవాళ్లం చెప్తాం. ఈలోపు ఈ రాత్రికి ఒక్క పని చేయండి. ఆ సర్టిఫికెట్లు, ఆ పాటలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టండి. లైనక్స్ వేసుకున్నా, వేసుకోకపోయినా.