డబ్బు కట్టేశాం కదా!



పడవ ప్రమాదాలు చాలావరకు నీళ్ల మీద మొదలు కావని నా అభిప్రాయం. రేవులో ఉండగానే, “డబ్బు కట్టేశాం కదా” అన్న మాటతో మొదలవుతాయి.

మన సంఘం నుంచి వెళ్లి అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. ఐదుగురు స్నేహితులు కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో బేలో తెరచాప పడవ అద్దెకు తీసుకున్నారట. వాళ్లలో ఒక్కడికే నడపడం వచ్చు. అక్కడ వేసవిలో లోపలి లోయలు వేడెక్కి, సముద్రం మీది చల్లగాలిని గోల్డెన్ గేట్ సందులోంచి లాక్కుంటాయి. పొద్దున చప్పగా ఉన్న గాలి మధ్యాహ్నానికి ఈడ్చి కొడుతుంది. అందుకే ఆ కుర్రాడు బయలుదేరేముందే, తెరచాప కొంత మడిచి కడదాం అన్నాడు. “ఇంత డబ్బు పోసి నత్తలా పోవాలా?” అని మిగతావాళ్లు నవ్వారు. నలుగురి మాటే నెగ్గింది.

ఏంజెల్ ఐలండ్ దగ్గరికి వచ్చేసరికి పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. భోజనాల సంచి నీళ్లపాలైంది. తెరచాప అడుగు కర్ర గిర్రున తిరిగి ఒకడి నుదురు చీల్చింది. లంగరు వేశారు, అది నిలవలేదు. తాడు కొంచెమే వదిలారట! నీటి లోతుకు ఐదారు రెట్లు వదిలితేనే లంగరు పడుకుని మట్టిని పట్టుకుంటుంది, నిటారుగా లాగితే ఊడి వచ్చేస్తుంది. మన గోదావరి సరంగులకు ఇది చెప్పక్కర్లేదు. చివరికి చాప దించేసి, ఇంజను మీద ఒడ్డు చేరారు.

“అయ్యగారూ, దేవుడే కాపాడాడు. ఆదివారం జూమ్‌లో సాక్ష్యం చెబుతాను” అన్నాడు. తప్పకుండా చెప్పు నాయనా, కానీ రేవులో మీరు నవ్విన సంగతి కూడా చెప్పాలి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. మన సాక్ష్యాల్లో తరచుగా ఆ మొదటి సగం ఉండదు. తుపాను ఉంటుంది, విడుదల ఉంటుంది, వద్దన్న మనిషి మాత్రం కనబడడు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో లూకా అలా దాచలేదు. ఉపవాస దినం దాటిపోయింది, ప్రయాణాలకు కాలం కాదు. పౌలు హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం నావ నడిపేవాడి మాట, యజమాని మాట నమ్మాడు. నడిపేవాడికి పని తెలుసు కదా అని మీరడగవచ్చు. తెలుసు. కానీ పక్కనే యజమాని ఉన్నాడు, సరుకు ఉంది. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా అనుకూలమే అనుకున్నారు. తర్వాత ఆ సరుకునే చేతులారా సముద్రంలో పారేశారు. ప్రాణనష్టం ఉండదని దేవదూత చెప్పాక కూడా, నావికులు పడవలో జారుకోబోతుంటే పౌలు ఊరుకోలేదు. వీళ్లు నావలో లేకపోతే మీరు తప్పించుకోలేరని సైనికులతో చెప్పాడు. విశ్వాసముంటే సరంగు మాట వినక్కర్లేదు అనేవాళ్లు ఆ భాగం మళ్లీ చదవాలి.

ఇదంతా దూరపు కథ కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజు, గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోతోంది. ఒడ్డున ఉన్న ఊరివాళ్లు నాటుపడవల్లో ఎదురెళ్లబట్టి 26 మంది దక్కారు. ఎన్ని ఇళ్లలో ఇంకా ఆ ఫొటోలకు దండలు వేలాడుతున్నాయో మీకు తెలుసు.

మన యవ్వనస్థులు పాపికొండలు వెళ్తామని చందాలు వేసుకుంటున్నారు. వెళ్లి రండి, సంతోషమే. సంఘ పెద్దలకు ఒక మనవి. ఆ రోజు నది బాగోలేదని సరంగు అంటే పిల్లలు వెనక్కి రావాలి, పోయిన అడ్వాన్సు సంఘం భరిస్తుందని ముందే వాళ్లకు చెప్పేద్దాం. ఆదివారం ఆరాధన తర్వాత ఈ విషయం మాట్లాడదాం, కూర్చోండి.