చుక్కల బొమ్మకి మీసమెందుకు?

కిందటి ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. చదువు సంగతేమో గాని, బొమ్మలు మాత్రం చక్కగా వేస్తాడు. స్నేహితులు ముగ్గురితో కలిసి ఓ వీడియో గేమ్ తయారుచేస్తున్నాడట. హీరో ఎవరనుకున్నారు? మన తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు!

"మావయ్యా, మా హీరో గెటప్ చూడు" అంటూ స్క్రీను నావైపు తిప్పాడు.

చూశాను. "ఏమిట్రా ఇది? టీ కొట్లో కెటిల్లా ఉంది!" అన్నాను. అని ఊరుకోకుండా పకపకా నవ్వాను కూడా.

వాడు నవ్వలేదు. లాప్‌టాప్ టప్పున మూసేశాడు. వాళ్ళ అత్తయ్య వేసిన పెసరట్టు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. బుధవారం నాడు మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాణ్ణి ఏమన్నావు? బొమ్మలు నాకు చేతకావు, ఆ గేమ్‌లోంచి తప్పుకుంటానంటున్నాడు" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. సినిమా చూసొచ్చి, "ఆ విగ్గేమిటండీ, కాకిగూడులా" అనటం మనకి అలవాటే కదా! ఆ విగ్గు పెట్టుకున్నాయన మన మాట వినడు, మనమూ ఆయన మొహం చూడం. కాని ఎదురుగా కూచున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడి విషయం అలా కాదు.

ఇంతకీ ఈ బొమ్మల కథేమిటో తెలియనివారికి రెండు ముక్కలు. గళ్ళ నోటుబుక్కు తీసుకోండి. అడ్డంగా 16 గళ్ళు, నిలువుగా 16 గళ్ళు. మొత్తం 256. ఒక్కో గడినీ పూర్తిగా ఒకే రంగుతో నింపాలి. సగం గడి, పావు గడి పనికిరాదు. ఆ గళ్ళలోనే తల, మొండెం, కాళ్ళు, చేతులు, వీలైతే కాస్త పొగరు కూడా చూపించాలి. ఈ గడినే పిక్సెల్ అంటారు, ఈ విద్యని పిక్సెల్ ఆర్ట్ అంటారు. ఒకప్పుడు యంత్రాలకి శక్తి చాలక అలా వేశారు. ఇప్పుడు శక్తి ఉన్నా, ఆ అందం కోసం వేస్తున్నారు.

మారియోని చూడని వాళ్ళుండరు. ఎర్ర టోపీ, బుర్ర మీసం, బండ ముక్కు. 1981లో వచ్చిన "డాంకీ కాంగ్" ఆటలో మొదటిసారి కనిపించాడు. అప్పట్లో అతగాడి పేరు జంప్‌మాన్. సృష్టించినవాడు జపాన్‌కి చెందిన షిగేరు మియామోటో. మరి ఆ మీసం ఎందుకు పెట్టినట్టు? స్టైలు కోసం కాదు సుమా! అన్ని తక్కువ చుక్కల్లో నోరు వేయటం కుదరదు. పెద్ద ముక్కు వేసి కింద మీసం పెడితే, నోరు లేదన్న సంగతే ఎవరికీ తట్టదు. జుట్టు వేయటం కష్టం, ఎగిరినప్పుడు అది కదలటం ఇంకా కష్టం. అందుకని టోపీ. పరిగెత్తేటప్పుడు చేతులు ఊగటం కనిపించాలంటే చేతికీ ఒంటికీ వేరే రంగులుండాలి. అందుకని ఆ భుజాల పట్టీల ప్యాంటు. 1985లో "సూపర్ మారియో బ్రదర్స్" వచ్చేసరికి చిన్న మారియో సరిగ్గా 16 గళ్ళ చదరంలో ఒదిగాడు. రంగులు మూడే. జుట్టుకీ, మీసానికీ, చొక్కాకీ, బూట్లకీ ఒకటే రంగు!

అంటే ఇక్కడ ప్రతి చుక్కా ఓ ప్రశ్నకి జవాబు. దూరం నుంచి తెలుస్తున్నాడా? ఎటు చూస్తున్నాడు? చెయ్యేది, ఒళ్ళేది? బొమ్మని విమర్శించాలన్నా అడగాల్సినవి ఈ ప్రశ్నలే. నేను వాటిలో ఒక్కటీ అడగలేదు.

తప్పయిందని ఒప్పుకోవటానికి గురువారం సాయంత్రం వాడింటికి వెళ్ళాను. మొదట మొహం చాటేశాడు. బతిమాలి బొమ్మ తెరిపించాను.

"నేనన్న మాట అబద్ధం కాదురా, అర్ధాంతరంగా ఆగిన మాట. కెటిల్లా ఎందుకు కనిపించిందో చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను విను" అన్నాను. "నువ్వు జుట్టుని ఒక్క గడి మందాన, తల పక్కనుంచి ఏటవాలుగా పైకి లాగావు. అది కెటిల్ కొమ్ము. ఈ పక్క చెయ్యి నడుం మీద పెట్టించావు. చేతికీ ఒంటికీ మధ్య ఒక్క గడి ఖాళీ. అది పిడి. తలా మొండెం ఒకే గోధుమరంగు. అవి రెండూ కలిసి గుండ్రటి పాత్ర అయిపోయాయి."

వాడు స్క్రీను వంక చూశాడు. బొమ్మంతా నలుపు రంగుతో నింపేశాడు. నీడ మాత్రం మిగిలింది. అచ్చం కెటిల్!

ఈసారి వాడే నవ్వాడు.

చూశారా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మాట అదే, కెటిల్. ఆదివారం నాడు అది వాడి చెయ్యి విరిచింది. గురువారం నాడు అదే మాట వాడి చేతికి పని చెప్పింది. తేడా అల్లా, రెండోసారి "ఎక్కడ", "ఎందుకు" అన్నవి జతచేశాను. "బాగాలేదు" అని ఊరుకుంటే కుర్రాడు ఏం దిద్దుకుంటాడు? ఆ మాటకొస్తే వాడి స్నేహితులు చెప్పిన "సూపర్ రా!" కూడా అంతే. చెవికి ఇంపుగా ఉంటుంది, చేతికి పని చెప్పదు.

కాబట్టి ఎవరైనా తమ బొమ్మ చూపిస్తే ముందు ఇది ఏ ఆటకి, ఎన్ని గళ్ళు, ఎన్ని రంగులు, పూర్తయిందా సగంలో ఉందా అని అడగండి. తర్వాత బొమ్మని అసలు సైజులో చూడండి. వేసేవాడు పదింతలు పెద్దది చేసుకుని క్లోజప్‌లో వేస్తాడు. ఆడేవాడు లాంగ్ షాట్‌లోనే చూస్తాడు. లాంగ్ షాట్‌లో మీకు మొట్టమొదట ఏం కనిపించిందో అది చెప్పండి. మీ ఇష్టాయిష్టాలు తర్వాత.

పెద్ద తప్పు ఉండగా చిన్న తప్పు ఎత్తకండి. మా వాడి బొమ్మలో ఇంకో లోపం కూడా ఉంది. అంచుల చుట్టూ ముదురు రంగు, మధ్యలో లేతరంగు వేశాడు. వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియదు, ఒళ్ళంతా దిండులా ఉబ్బినట్టుంటుంది. దాన్ని పిల్లో షేడింగ్ అంటారని తర్వాత వాడే చెప్పాడు. నేను ఆ రోజు ఆ ఊసెత్తలేదు. నిలబడే తీరే మారబోతుంటే నీడల గురించి పంచాయితీ ఎందుకు?

మరి చెప్పించుకునేవాళ్ళ సంగతి? అది ఇంకా కష్టం. మొదటి నియమం, ప్లీడరు అవతారం ఎత్తకూడదు. "అది కొమ్ము కాదు మావయ్యా, జుట్టు" అని వాదించి నన్ను ఒప్పించొచ్చు. ఆట ఆడే ప్రతివాడి పక్కనా కూచుని వాదించగలడా? రెండోది, జబ్బు వేరు, మందు వేరు. ఒకరు టోపీ పెట్టమంటారు, ఒకరు తల పెంచమంటారు, ఇంకొకరు రంగు మార్చమంటారు. మందులు మూడు, జబ్బు ఒకటే. తల తెలియటం లేదు. ముగ్గురూ ఒకేచోట వేలు పెడితే ఆ చోటు చూసుకోండి. ఏం చెయ్యాలన్నది మాత్రం మీ ఇష్టం.

నవొతో ఓషిమా అని ఇంకో జపాన్ కళాకారుడున్నాడు. సెగా కంపెనీ కొత్త హీరో కోసం వెతుకుతున్న రోజుల్లో ఆయన తన బొమ్మల కాగితాలు పట్టుకుని న్యూయార్క్ వెళ్ళి, సెంట్రల్ పార్కులో దారినపోయేవాళ్ళకి చూపించి ఏది బాగుందని అడిగాడట. 2018లో ఓ సభలో ఆయనే చెప్పాడు. ఎక్కువమంది వేలు పెట్టింది ముళ్ళపందికి. అదే 1991లో సోనిక్ అయి వచ్చింది. రెండో స్థానం వచ్చిన మీసాలాయన విలన్ అయ్యాడు! మధ్యలో కంపెనీ అమెరికా శాఖ వాళ్ళు, సోనిక్‌కి కోరలెందుకు, రాక్ బ్యాండ్ ఎందుకు, మడోన్నా అనే మనిషి ప్రియురాలెందుకు అన్నారు. అవి పోయాయి. నీలం రంగు, దూకుడు మాత్రం మిగిలాయి.

మన దగ్గరే లేదూ? 1954లో వచ్చిన "ఇద్దరు పెళ్ళాలు"లో ఎన్.టి.రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. అందుకే "మాయాబజార్"లో కృష్ణుడంటే ఆయన మొదట వెనకాడారు. కె.వి.రెడ్డిగారు పట్టుబట్టి, దుస్తుల మీదా నడవడిక మీదా ప్రత్యేక శ్రద్ధ పెట్టించి వేయించారు. 1957లో సినిమా విడుదలయ్యాక ఏమైందో మీకు నేను చెప్పాలా? జనం కాదన్నది ఆ గెటప్‌ని. మనిషే పనికిరాడని అప్పుడే తీర్మానించేసి ఉంటే మనకి ఆ కృష్ణుడు ఉండేవాడా?

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు వింటూనే గళ్ళు చెరుపుతున్నాడు, నింపుతున్నాడు. పాత బొమ్మని మాత్రం పక్కనే దాచుకున్నాడు, పోల్చుకోవటానికి. జుట్టు రెండు గళ్ళ మందం అయింది, నడినెత్తి మీద నిటారుగా నిలిచి కొసన వంగింది. చెయ్యి నడుం మీంచి దిగింది. తల ఇంచుమించు సగం బొమ్మంత అయింది. నడుం కింద తెల్ల పంచె వచ్చేసరికి కాళ్ళు రెండూ విడివిడిగా తెలిశాయి. పరిగెత్తిస్తే జుట్టు వెనక్కి ఊగింది.

నిన్న ఆ బొమ్మ నా ఫోన్‌కి పంపాడు. నేనేమీ చెప్పకుండా మా ఆవిడకి చూపించి, "ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"ఎవడో పిలకవాడు, యమ తొందరలో ఉన్నాడు" అంది.

ఆ మాట ఉన్నదున్నట్టు మా వాడికి ఫోన్లో చెప్పాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, "మావయ్యా, ఆదివారం వస్తున్నా. అత్తయ్యని పెసరట్టు వెయ్యమను. అన్నట్టు విలన్ బొమ్మ కూడా తెస్తున్నా, చూసి చెబుదువుగాని" అన్నాడు.

ఈసారి నవ్వేముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. వచ్చే వారం కలుద్దాం.