దూరవిద్యలో భూగోళ శాస్త్రం

విద్య కొందరి సొత్తు కారాదన్న ఆశయమే దూరవిద్యకు మూలం. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా బోధన ప్రారంభించగా, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ మార్గాన్ని అనుసరించింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. ఉద్యోగం విడువలేని గుమాస్తాకు, ఇల్లు కదలలేని గృహిణికి, చేపల చెరువుపై కాపలా ఉండే యువకునికి పట్టభద్రులయ్యే అవకాశం దీనివల్లనే కలిగింది.

అయితే భూగోళ శాస్త్రాన్ని ఈ పద్ధతిలో చదువగలమా? విద్యార్థుల అభిప్రాయాలు రెండు విధాలుగా వినవస్తున్నాయి. పాఠం చేతిలో ఉన్నది, తీరిక వేళ చదువుకొంటున్నామని కొందరు తృప్తి చెందుతున్నారు. పటాన్ని దగ్గరుండి చదివించేవారు లేక, సమోన్నత రేఖలను, స్కేలును కంఠస్థం చేసి గట్టెక్కుతున్నామని మరికొందరు వాపోతున్నారు. రెండవవారి మాటను పెడచెవిన పెట్టరాదు.

ఇక్కడ ఆ లోపం పరీక్షతో పోయేది కాదు. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గల నేల వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ రేఖకు లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. రేఖను మూడో కాంటూరుకు తగ్గించాలన్న వాదమూ బయలుదేరింది. లంక గ్రామాలలో ఎందరి బ్రతుకు తెరువో ఆ గీతపై ఆధారపడి ఉన్నది. దాని అర్థం తెలియని పట్టభద్రుడు తన ఊరివారికి ఏమి చెప్పగలడు? చెరువుల పక్షాన గాని, సరస్సు పక్షాన గాని ఏ ఆధారంతో మాట్లాడగలడు?

తెలుగు బోధించేవానికి ఈ ప్రసక్తి ఎందుకని కొందరనవచ్చు. మెట్ట, పల్లం, లంక, ఏరు అన్న మాటలు మన పల్లె ప్రజలు నేలను చూచి పెట్టుకొన్నవే. పుస్తకంలోని పరిభాషను ఆ మాటలతో కలిపి చెప్పినప్పుడే శాస్త్రం మనసుకెక్కుతుంది. దెందులూరుకు ఉత్తరాన పెదవేగి వైపు మెట్ట, దక్షిణాన కొల్లేటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. ఇంతకన్న మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

కావున కళాశాల కమిటీవారికి నా విన్నపం. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్లు కొన్ని గ్రంథాలయానికి తెప్పించండి. నెలకొక ఆదివారం, మన విద్యార్థులతో పాటు ఈ ప్రాంతంలో దూరవిద్య చదివేవారిని కూడ ఆహ్వానించి, అధ్యాపకుల వెంట మెట్ట నుండి ఉప్పుటేటి వరకు చూపించండి. ఇల్లు దాటే వీలు తక్కువైన మన బాలికలకు తోడు ఏర్పాటు చేయండి. ఇందుకు బస్సు ఛార్జీలకు మించి వ్యయం ఉండదు.

విద్యార్థులారా! విశ్వవిద్యాలయం దూరాన ఉండవచ్చును గాని నేల మీ కాళ్ళ క్రిందనే ఉన్నది. పటం చేతబట్టి దానిపై నడవండి.