గ్రిమ్స్‌బీని ముంచింది ఎవరు?

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన 'తాకట్టులో సముద్రం' వ్యాసం చదివి ఒళ్లు మండింది. బ్రిటన్ జాలరి పొట్ట కొట్టింది యూరప్ అట. బ్రెగ్జిట్‌తో పోరాడి తెచ్చుకున్న సముద్రాన్ని 2025 మేలో మళ్లీ వాళ్ల చేతుల్లోనే పోశారట. సాక్ష్యానికి ఇంగ్లండ్‌లోని చేపల రేవు గ్రిమ్స్‌బీని లాక్కొచ్చారు. ఆ ఊళ్లో మా అమ్మాయి ఉంటుంది. నేను ఆర్నెల్లు ఉండి వచ్చాను.

వెళ్లిన మూడోరోజే పులుసు పెడదామని సంచీ పట్టుకుని బయల్దేరాను. కొట్టు బయట గ్రిమ్స్‌బీ చేపలని ఇంతేసి అక్షరాలు. లోపల అన్నీ తోలు, ముల్లు, తల తీసేసి సబ్బుబిళ్లల్లా పేర్చినవే. తలకాయ కావాలన్నాను. కొట్టువాడు నా తలకాయకేసి చూశాడు. సరే పొమ్మని కిలో హాడాక్ ముక్కలు తెచ్చాను. ఇంటికొచ్చి పొట్లం మీది చీటీ చదివితే, పట్టింది నార్వేలో! ఆ ముక్కలు కాస్తా పులుసులో ముద్దయిపోయాయి. చింతపండు కూడా దండగ.

"ఇక్కడ కోసేది చాలావరకు ఐస్‌లాండ్, నార్వే సరుకే నాన్నా" అంది అమ్మాయి. ఎందుకంటే, ఐస్‌లాండ్ తన 4 మైళ్ల చేపలవేట హద్దును పెంచుకుంటూ 1958లో 12, 1972లో 50, 1975లో 200 మైళ్లు చేసింది. దాని గస్తీ ఓడలు ఆ నీళ్లలో వేటాడే బ్రిటన్ ట్రాలర్ల వెనక చేరి వలల తాళ్లు తెగ్గోశాయి. 1976లో బ్రిటన్ తలొగ్గింది, గ్రిమ్స్‌బీ ట్రాలర్లు తుక్కుకు పోయాయి. అంటే మీ వ్యాసకర్త హారతి పడుతున్న 'మా నీళ్లు మావే' అన్న మాటే ఆ ఊరిని ముంచింది. వ్యాసంలో ఐస్‌లాండ్ పేరైనా లేదు!

యూరప్ పత్తిత్తు అని నేననను. 1970లో బ్రిటన్, నార్వే యూరప్ కూటమిలో చేరే బేరానికి కూర్చునే వేళకే, అప్పటికి అందులో ఉన్న ఆరు దేశాలూ 'ఎవరి నీళ్లయినా అందరివీ' అని రాసేసుకున్నాయి. కోడలు గడప దాటకముందే ఆవిడ పుట్టింటి పొలానికి వాటాలేసుకున్నట్టు. 1972లో నార్వే జనం ఓటేసి వద్దన్నారు. లండన్ పెద్దలు సంతకం పెట్టారు. 1983లో దేశాలవారీ కోటాలు వచ్చాక, తన వాటాను ఎవరికి పంచాలో లండన్ ఇష్టం. ఆ వాటాలను పడవలతో సహా స్పెయిన్, డచ్ కంపెనీలకు అమ్ముకున్నది అక్కడి యజమానులే. 1988లో చట్టం తెచ్చి అడ్డుకోబోతే యూరప్ కోర్టు చెల్లదంది, నిజమే. అమ్మిన చేతులు ఎవరివి మరి?

అన్నట్టు, బ్రిటన్ వ్యాసానికి మా కాకినాడ కుంభాభిషేకం రేవు ఫొటో వేశారేమిటి? పడవ మీద తెలుగు అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

ఇక 2025 ఒప్పందం. యూరప్ పడవలు బ్రిటన్ నీళ్లలో చేపలు పట్టుకునేందుకు ఉన్న, 2026 జూన్‌తో ముగియాల్సిన ఏర్పాటును 2038 జూన్ దాకా పొడిగించారు. పన్నెండేళ్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్ పడవలు పట్టే కానాగంతలు, పీతలు, రొయ్యలు కొనేదెవరు? ఎక్కువగా యూరప్ వాళ్లే. సరిహద్దులో కాగితాల కోసం లారీ ఆగితే రొయ్య ఆగుతుందా? అందుకే తనిఖీలు తగ్గిస్తామన్న మాట కూడా అదే ఒప్పందంలో పుచ్చుకున్నారు. మీ వ్యాసకర్తకు ఆ పేజీ దొరకలేదు కాబోలు.

ఆయన ఎప్పుడైనా గ్రిమ్స్‌బీ వెళ్తే చెప్పండి, ఆ కొట్టు గుర్తులు రాసిస్తాను. తలకాయ అడిగి చూడమనండి.

— ఒక పాత చందాదారు, కాకినాడ