డబ్బా వెనకాలే ఆవు

డబ్బా పాలా, ఆవు పాలా? మా అపార్టుమెంట్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా ఈ పంచాయితీ తప్పదు. డబ్బా చదువుకున్నవాళ్ల పక్షం, ఆవు పెద్దవాళ్ల పక్షం. పైకి కొట్టుకుంటున్నట్టే ఉంటారు. నేను చూసినంతలో మాత్రం ముందు డబ్బా వస్తుంది, దాని వెనకాలే ఆవూ వస్తుంది.

మా అక్క కూతురి కాన్పు హైదరాబాదులో, ఒక నర్సింగ్ హోములో అయింది. సిజేరియనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఇలాగే అయ్యాయి, అప్పట్లో దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. పాపను తల్లి పక్కలో వేసేసరికే నాలుగు గంటలు గడిచాయి. ఇంకో గంటకి నర్సు ఒక చీటీ తెచ్చింది. "పాలు పడలేదు కదమ్మా, కింద మెడికల్ షాపులో ఈ డబ్బా తెచ్చుకోండి." చీటీ మీద డబ్బా పేరు రబ్బరు స్టాంపుతో కొట్టి ఉంది. రాసే ఓపిక కూడా లేదన్నమాట.

పుట్టి అయిదు గంటలే, అప్పుడే పాలు పడలేదని తీర్పు! తొలిరోజు వచ్చేవి ముర్రుపాలు. పూటకి చెంచాడు వస్తే గొప్ప, బిడ్డ పొట్టకి కావలసిందీ అంతే. పాలు ధారకట్టేది మామూలుగా రెండో రోజో మూడో రోజో, అది నిలిచేది బిడ్డ చీకుతూ ఉంటేనే. డబ్బాతో పొట్ట నింపితే బిడ్డ చీకదు, చీకకపోతే పాలు తగ్గిపోతాయి. అప్పుడు చీటీ ఇచ్చినవాళ్ల మాటే నిజమవుతుంది.

డబ్బాని ఇలా అంటగట్టకూడదని చట్టం లేదా? 1992 నుంచీ ఉంది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలడబ్బాకి ప్రకటన వేయకూడదు, ఉచితంగా పంచకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ ఉండకూడదు, డాక్టర్లకి కానుకలివ్వకూడదు. ప్రకటన, పంపకం, కానుకల్లో తప్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయిదు వేలు! ఆ నర్సింగ్ హోములో ఒక్కరోజు గది అద్దె అంతకంటే ఎక్కువ.

ఇక ఆవు ఎలా వస్తుందో చెబుతాను. మా వాచ్‌మన్ భార్య బిడ్డకి మూడో నెల. ట్యూబ్‌లైటు కింద ఆమె చేతిలో పాలసీసా చూశాను, బియ్యం కడుగునీళ్లలా ఉంది. డబ్బా మీద రాసిన ప్రకారం 120 మిల్లీలీటర్ల నీళ్లకి నాలుగు కొలతలు పడాలి. "రెండే వేస్తున్నానమ్మగారూ. నాలుగేస్తే డబ్బా నాలుగు రోజులక్కూడా రావట్లేదు." నిజమే. ఆ వయసు బిడ్డకి సరిగ్గా కలిపితే 400 గ్రాముల డబ్బా అంతే వస్తుంది. నెలకి ఎనిమిది డబ్బాలు ఏ కూలితో కొంటుంది? పై నెలకల్లా అత్తగారి సలహా మీద పాకెట్ పాలు, సగానికి సగం నీళ్లు.

ఆవు పాలు అమృతమే, దూడకి. దూడ నెలన్నర దాటగానే పుట్టినప్పటి బరువుకి రెట్టింపవుతుంది, మన బిడ్డకి నాలుగైదు నెలలు పడుతుంది. అందుకే ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకి మూడింతలుంటాయి, లవణాలూ ఎక్కువే. పసికందు మూత్రపిండాలు అంత బరువు మోయలేవు. నీళ్లు పోస్తే ఆ బరువుతోపాటు బలమూ సగమవుతుంది. ఇనుము మొదలే అంతంతమాత్రం. పైగా కొందరు పసివాళ్ల పేగుల్లోంచి కంటికి కనబడకుండా రక్తం పోతుంది. నాటు ఆవైనా, ఏ2 పాలైనా ఇందులో తేడా లేదు. "మేమంతా వాటితోనే పెరిగాం" అంటారు. అనడానికి పెరిగినవాళ్లే కదా మిగిలింది!

డబ్బా పాపం కాదు. తల్లి లేని బిడ్డకి, దత్తత బిడ్డకి, పాలివ్వకూడని మందులు వాడుతున్న తల్లి బిడ్డకి అది మందు. ఆరు నెలల్లోపు తల్లిపాలు లేకపోతే ఆవుని తలుచుకోనే వద్దు, డబ్బాయే పట్టాలి. నీళ్లు మరగకాచి, 70 డిగ్రీలకి తగ్గకముందే పొడి కలిపి, చల్లార్చి, కొలత తప్పకుండా. ఆరు దాటి మెత్తటి అన్నం మొదలయ్యాక పశువుల పాలైనా సరేనని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మన పిల్లల డాక్టర్లు చాలామంది ఏడాది నిండనివ్వమంటారు. మందే అయితే మందులాగే చూడండి. అవసరమున్న పేద బిడ్డకి సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇవ్వండి, అవసరం లేని బిడ్డకి స్టాంపు కొట్టకండి.

తల్లి దగ్గరుంటేనే కదా తల్లిపాలు! 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు. ఎవరికి? వాచ్‌మన్ భార్య ఆరో వారానికే మూడిళ్లలో అంట్లు తోముతోంది. ఆ మూడిళ్లలో మాదీ ఒకటి.

ఆమెకి మొదటి డబ్బా ఎక్కడిదంటారా? మా అక్క కూతురికి మూడో రోజుకల్లా పాలు పడ్డాయి. నాలుగు కొలతలు వాడిన డబ్బా ఊరికే పాడైపోతుందని మా అక్కే తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.