తీపి మొక్కజొన్న ఒంటరి పంట కాదు

మన పెందుర్తి ప్రాంతపు రైతులకు విశాఖపట్నము సమీపమున నుండుట గొప్ప యదృష్టము. తెల్లవారుజామున విరిచిన కంకి ప్రొద్దెక్కక మునుపే బజారు చేరగలదు. తీపి మొక్కజొన్నకు ముఖ్యముగా కావలసిన దిదియే. విరిచినది మొదలు గింజలోని చక్కెర తగ్గుచు వచ్చును. వేడి హెచ్చినకొలది ఆ తగ్గుదల త్వరపడును. కావున దూరపు రైతునకు లేని లాభము మనకు కలదు.

అయినను ఈ పంట వేసిన కొందరు తీపి లేదని విత్తనమును నిందించుచుందురు. తప్పు విత్తనమునది కాకపోవచ్చును. మొక్కజొన్న పుప్పొడి గాలిచే పోవునది. ప్రక్కచేని సాధారణ మొక్కజొన్న పుప్పొడి తీపి కంకి పీచుపై పడినచో, ఆ పంటయందే ఆ గింజ పిండిగింజ యగును. సాధారణపు చేనికి మాత్రము తీపి రకమువలన ఇట్టి నష్టము లేదు. నష్టము ఒకరికే కలుగుటచే పొరుగువాడు పట్టించుకొనడు. గట్టు నీటిని ఆపును గాని గాలిని ఆపదు.

అందువలన ఇది ఒంటరిగా వేయదగిన పంట కాదని నా యభిప్రాయము. విత్తనము కొనుటకు ముందే ఎవరే చేనిలో ఏమి వేయుదురో సంఘమువారు వ్రాసికొనవలయును. తీపి పంట వేయువా రందరు ఒకే రకమును ఒకే తట్టున వేసి, సాధారణ రకమునకు రెండు మూడు వందల గజముల దూర ముంచవలయును. అది కుదరనిచో రెంటి పూత కలియకుండ మూడు వారముల యెడముతో విత్తవలయును. తమలో తాము వారమున కొకరుగా విత్తినచో బజారున సరకు ఒక్కమారు పేరుకొనదు.

పీచు వెలువడిన సుమారు 20 దినములకు అది గోధుమవన్నె తిరిగి యెండును. గింజను గోట నొక్కిన పాలు కారినచో కోతకు వచ్చినట్లు. నీరు కారిన లేత. ముద్దగా నున్న ముదురు. ముదిరినవానిని అమ్మి పేరు చెరుపుకొనక ఇంట గారెలకు ఉంచుకొనుడు. గింజలు బరకగా రుబ్బి అల్లము, పచ్చిమిరప, జీలకఱ్ఱ చేర్చి, పిండి పలుచనైనచో కొంచెము బియ్యపుపిండి కలిపిన చాలును. పాలకంకిని మరుగునీట నాలుగైదు నిమిషములకంటె ఎక్కువ ఉడికింపరాదు.

కంకులు విరిచిన పచ్చిచొప్ప పశువులకు మంచి మేత. మనకొరకు తన విత్తుదినమును జరుపుకొన్న పొరుగురైతునకు అందు కొంత భాగమిచ్చుట న్యాయము. వచ్చు సభలో సభ్యులీ విషయమును చర్చించి నిర్ణయింతురు గాక.